కేప్ ద్రాక్షతోటల్లో మన కోరమాండల్

కోరమాండల్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది రైలు. హౌరాలోని షాలిమార్ నుంచి చెన్నై పోతూ మధ్యలో విశాఖ, రాజమండ్రి, విజయవాడల్లో ఆగే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్. వ్యవసాయం ఉన్న ఇళ్లల్లో అయితే ఎరువుల బస్తా మీద పేరు. మూడొందల ఏళ్ల కిందట దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌లో మాత్రం ఆ మాట మనుషుల పేర్ల వెనక ఉండేది. "ఫలానా వాన్ కోరమాండల్" అని. వాన్ అంటే డచ్చి భాషలో "నుంచి" అని. ఆ పేరున్న వాళ్లెవరూ టికెట్టు కొనుక్కుని వెళ్లినవాళ్లు కాదు. అమ్ముడుపోయి వెళ్లినవాళ్లు.

నేను చరిత్రకారుణ్ణి కాదు. బతుకుతెరువు కోసం కోడు రాసుకునేవాణ్ణి. ప్రాజెక్టు పని మీద కేప్ టౌన్‌లో కొన్ని నెలలున్నాను. అక్కడికి ఆన్‌సైటు వెళ్లే మనవాళ్లకి వీకెండు ప్రోగ్రాములు దాదాపు ఖరారై ఉంటాయి: ఒక వారం టేబుల్ మౌంటెన్, ఒక వారం కేప్ పాయింట్, మిగిలిన వారాలన్నీ వైన్ తోటలు. పొద్దున వ్యాన్ వస్తుంది, మూడు నాలుగు ఎస్టేట్లు తిప్పుతుంది, సాయంత్రానికి దింపేస్తుంది. నాకు మందు అలవాటు లేదు. పక్కవాళ్లు గ్లాసు తిప్పి వాసన చూస్తుంటే నేను గోడల మీద బోర్డులు చదువుతూ తిరిగేవాణ్ణి. ఆ బోర్డుల్లో ఉన్నదీ, వ్యాన్‌లో గైడు చెప్పిందీ, తర్వాత పుస్తకాల్లో దొరికిందీ పక్కపక్కన పెడితే వచ్చినదే ఇది.

ముందు గైడు చెప్పేది చూద్దాం. అందులో అబద్ధమేమీ లేదు.

1652 ఏప్రిల్లో డచ్ ఈస్టిండియా కంపెనీ తరపున యాన్ వాన్ రీబెక్ అనే ఆయన కేప్‌లో దిగాడు. యూరప్ నుంచి ఆసియాకి పోయే ఓడలకి మంచినీళ్లు, కూరగాయలు, మాంసం అందించడానికి ఒక మజిలీ కావాలి, అదీ ఉద్యోగం. 1655లో ద్రాక్ష మొక్కలు తెప్పించాడు. 1659 ఫిబ్రవరి 2న కేప్ ద్రాక్షతో మొదటిసారి వైన్ తీశామని తన దినచర్యలో రాసుకున్నాడు. పుట్టినతేదీ ఇంత కచ్చితంగా తెలిసిన వైన్ ప్రాంతాలు ప్రపంచంలో తక్కువ. 1679లో సైమన్ వాన్ డెర్ స్టెల్ అధికారిగా వచ్చి, తన పేరు మీదే స్టెల్లెన్‌బాష్ ఊరు పెట్టాడు. 1685లో కొండ వాలున తనకంటూ పెద్ద ఎస్టేటు రాయించుకున్నాడు. అదే కాన్‌స్టాన్షియా. 1688లో ఫ్రాన్సులో మతహింస తప్పించుకున్న హ్యూగనాట్లు అనే ప్రొటెస్టెంట్లు వచ్చారు. వాళ్లకిచ్చిన లోయకి మొదట్లో ఏనుగుల మూల అని పేరు, తర్వాత అది ఫ్రెంచివాళ్ల మూల, అంటే ఫ్రాన్ష్‌హుక్ అయింది.

ఇక కాన్‌స్టాన్షియా తియ్యటి వైన్ గురించి గైడు ఉత్సాహం చూడాలి! మస్కట్ జాతి పళ్లని తీగ మీదే కిస్‌మిస్‌లా ముడుచుకునేదాకా వదిలేసి చేసేవారు. సెయింట్ హెలెనా దీవిలో ఖైదుగా ఉన్న నెపోలియన్‌కి ఇది వెళ్లేది. జేన్ ఆస్టెన్ 1811లో వేసిన నవల్లో కూడా దీని ప్రస్తావన ఉంది. 1778లో ఈ ఎస్టేటు కొన్న క్లూటే కుటుంబం దాన్ని యూరప్ రాజుల బల్లల మీదకి చేర్చింది. వాళ్లు 1791లో కట్టించిన సారా కొట్టు ముఖద్వారం పైన బొద్దు పిల్లల శిల్పాలు ఉంటాయి, చెక్కినవాడు అంటన్ ఆన్‌రైత్. అందరూ అక్కడే ఫోటో దిగుతారు.

1971లో స్టెల్లెన్‌బాష్ చుట్టుపక్కల రైతులు కొందరు ఫ్రాన్సులో చూసొచ్చిన పద్ధతిలో వైన్ రూట్ మొదలుపెట్టారు. ఇప్పుడు మనం వెళ్లే డే ట్రిప్పులన్నిటికీ మూలం అదే. 2012 నుంచి ఫ్రాన్ష్‌హుక్‌లో వైన్ ట్రామ్ కూడా ఉంది, ఎక్కుతూ దిగుతూ రోజంతా తోటలు చూడొచ్చు. నిజంగానే చాలా అందమైన ప్రాంతం. నీలం కొండలు, తెల్లటి గోడలు, ఓక్ చెట్లు. ఎంత చెప్పినా తక్కువే.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. ఈ కథలో పార పట్టుకున్నది ఎవరు?

ద్రాక్ష చేతిపని పంట. కత్తిరింపు, తవ్వకం, కోత, తొక్కడం, పీపాలు మోయడం అన్నీ మనుషులే చెయ్యాలి. స్థానికులైన ఖోయ్‌ఖోయ్ జనాన్ని బానిసలుగా చెయ్యకూడదని కంపెనీ నిషేధం పెట్టుకుంది. జాలితో కాదు, వాళ్ల దగ్గర పశువులు కొనుక్కోవాలి కాబట్టి. యూరప్ కూలీలు ఖరీదు. అందుకని 1658 నుంచి ఓడల్లో మనుషుల్ని దింపడం మొదలైంది. 1717లో కంపెనీ పెద్దలు కేప్ పాలకమండలికి ఒక ప్రశ్న పంపారు: బానిసలే మంచిదా, యూరప్ నుంచి స్వేచ్ఛగా వచ్చే కూలీలు మంచిదా? మన భాషలో చెప్పాలంటే డిజైన్ రివ్యూ మీటింగు. మండలిలో ఒకే ఒక్కడు, కెప్టెన్ డొమినిక్ ద షవోన్, స్వేచ్ఛా కూలీలే మేలన్నాడు. మిగిలినవాళ్లంతా బానిసలు చవక అన్నారు. రివ్యూలో ఒక్కడి అభ్యంతరం ఏమవుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత నూటపదిహేడేళ్లు ఆ నిర్ణయమే నడిచింది.

1652 నుంచి 1808 దాకా కేప్‌కి దిగుమతి అయిన బానిసలు సుమారు 63,000 మంది అని చరిత్రకారుడు రాబర్ట్ షెల్ అంచనా. నాకు కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టిన అంకె మాత్రం ఇది కాదు. వాళ్లలో దాదాపు నాలుగోవంతు ఇండియా నుంచి. మిగతా మూడు వంతులు ఆఫ్రికా, మడగాస్కర్, ఇండోనేషియా దీవుల నుంచి. బెంగాల్, మలబార్, కోరమాండల్. 1793 లెక్కల్లో కేప్ కాలనీలో బానిసలు 14 వేలకు పైన, స్వేచ్ఛా పౌరులు 14 వేల లోపు. అంటే ఆ తెల్లగోడల ఇళ్లున్న దేశంలో యజమానుల కంటే బానిసలే ఎక్కువ.

కోరమాండల్ నుంచి ఎలా వెళ్లారు? డచ్చివాళ్లు మనకి కొత్తవాళ్లు కాదు. 1600లలో మొదటి పదేళ్లలోనే మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. 1610లో పులికాట్ చేరి, 1613 నాటికి అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. పాలకొల్లు, కాకినాడ పక్క జగన్నాథపురం, భీమునిపట్నం, అన్నిచోట్లా వాళ్ల స్థావరాలుండేవి. మనం చదువుకున్నది కలంకారీ బట్టల వ్యాపారం గురించి. వాళ్ల లెక్కల పుస్తకాల్లో ఇంకో సరుకు కూడా ఉంది. 1622-23లో పులికాట్, దేవనాంపట్నం రేవుల నుంచి సుమారు 1,900 మందిని ఓడలెక్కించారు. 1646లో మళ్లీ 2,000 పైచిలుకు. 1659-61 మధ్య తంజావూరు వైపు నుంచి వేలల్లో. వీళ్లలో ఎక్కువమంది వెళ్లింది బటావియా, అంటే ఇప్పటి జకార్తాకీ, సింహళానికీ. అక్కడి నుంచి, మన రేవుల నుంచి యూరప్ తిరిగిపోయే ఓడల అధికారులు సొంత లాభం కోసం నలుగురైదుగురు మనుషుల్ని ఎక్కించుకుని, దారిలో కేప్‌లో అమ్ముకునేవారు. ఇప్పుడు డ్యూటీ ఫ్రీలో సీసాలు తెచ్చి అమ్ముకున్నంత మామూలుగా.

ఆ సంవత్సరాల్ని ఇంకోసారి చూడండి. అవి ఏదో ఒక తీరాన కరువో యుద్ధమో నడిచిన ఏళ్లు. కరువులో తమని తాము అమ్ముకున్నవాళ్లున్నారు, పిల్లల్ని అమ్మినవాళ్లున్నారు, యుద్ధంలో పట్టుబడి అమ్ముడైనవాళ్లున్నారు. కొన్నది డచ్చివాడు. మధ్యలో బేరం కుదిర్చి రేవుదాకా నడిపించింది మాత్రం ఈ నేల మీద మనుషులే. కాబట్టి ఇదంతా చదివి "తెల్లవాడు మనల్ని ఇంత చేశాడా" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం నాకు చేతకాలేదు. అమ్మేవాడు లేకుండా కొనేవాడు ఉండడు.

ఇంతకీ వెళ్లినవాళ్లు తెలుగువాళ్లా, తమిళులా? ఆ రికార్డుల్లో ఈ ప్రశ్నకి చోటే లేదు. డేటా ఎంట్రీ చేసినవాడు ఎవరి సౌకర్యం కోసం చేశాడో టేబుల్ చూస్తే తెలిసిపోతుంది కదా! కంపెనీ గుమాస్తాకి కావలసింది రెండే కాలమ్‌లు: ఓ పేరు, ఓ రేవు. భాష, కులం, ఊరు, తండ్రి పేరు అనవసరం. పేరు కూడా వాళ్ల సొంతం కాదు. నోరు తిరగని పేరు తీసేసి బైబిల్లోంచో, రోమన్ కథల్లోంచో ఒకటి తగిలించేవారు. అదీ తోచకపోతే నెల పేరు. జాన్యువరీ, ఫిబ్రవరీ, సెప్టెంబర్. నవ్వులాట కాదు, ఇవాళ్టికీ కేప్ టౌన్‌లో సెప్టెంబర్ అనే ఇంటిపేరున్న కుటుంబాలున్నాయి. ఒక మనిషి మొత్తం జీవితంలో మిగిలిన ఒకే ఒక్క నిజమైన డేటా ఆ "వాన్ కోరమాండల్". అది కూడా ఊరి పేరు కాదు, ఓడెక్కిన తీరం పేరు.

ఇక్కడ కథ ఇంకొంచెం మెలిక పడుతుంది. కాన్‌స్టాన్షియా కట్టించిన సైమన్ వాన్ డెర్ స్టెల్ ఉన్నాడే, ఆయన అమ్మమ్మ మోనికా అనే భారతీయ స్త్రీ. ఆయన పోయాక ఎస్టేటు కొన్నది ఓలోఫ్ బెర్గ్ అనే స్వీడన్ మనిషి. ఆయన భార్య అన్నా ద కోనింగ్. ఈమె తల్లి ఆంజెలా వాన్ బెంగాల్, వాన్ రీబెక్ ఇంట్లో బానిసగా ఉండి, 1666లో విడుదలైన మనిషి. చట్టప్రకారం తల్లి బానిసైతే పిల్లలూ బానిసలే. ఆ లెక్కన అన్నా పుట్టుక బానిసగానే. 1724లో భర్త చనిపోయాక ఈ అన్నాయే కాన్‌స్టాన్షియాకి యజమానురాలు. అంటే, నెపోలియన్ వైన్ అని గైడు చెప్పే ఎస్టేటుని ఒకప్పుడు బెంగాల్ బానిస కూతురు ఏలింది!

వినగానే సినిమా క్లైమాక్సులా ఉంది కదా. నాకూ అలాగే అనిపించింది, తర్వాతి వాక్యం చదివేదాకా. ఆమె ఆస్తి జాబితాలో బానిసలు కూడా ఉన్నారు. మెట్టెక్కినవాళ్లు మెట్లు పగలగొడతారని ఎక్కడా రాసిలేదు. అమెరికాలోనో బెంగుళూరులోనో పైకొచ్చిన మనం, కింద ఉన్నవాళ్లతో ఎలా ఉంటున్నామో ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిన అద్దం ఇది.

కాన్‌స్టాన్షియా నుంచి తూర్పుగా, సోమర్సెట్ వెస్ట్ దగ్గర ఫర్‌ఖెలెఖన్ అని ఇంకో ఎస్టేటు ఉంది. సైమన్ కొడుకు విల్లెమ్ ఆడ్రియాన్ గవర్నరుగా ఉండగా కట్టించుకున్నది. మూడొందల ఏళ్ల కర్పూరం చెట్లు చూడ్డానికి జనం వెళ్తారు. ఇక్కడి గొప్పలు చూసి మండిపోయిన రైతులు 1706లో ఫిర్యాదు రాసి, 1707లో ఆయన్ని వెనక్కి పిలిపించారు. ఈ భాగం గైడు బాగా చెప్తాడు. చెప్పనిది ఇంకొకటి. 1990ల మొదట్లో పురావస్తు శాఖవాళ్లు ఇక్కడ బానిసల నివాసం తవ్వితే నేల కింద ఒక స్త్రీ అస్థిపంజరం దొరికింది. చెక్క పెట్టెలో, పద్ధతిగా పూడ్చిపెట్టారు. ఎముకల రసాయన పరీక్ష చేస్తే చిన్నప్పటి తిండి వేరు, పెద్దయ్యాక తిండి వేరు అని తేలింది. అంటే వెచ్చని దేశంలో ఎక్కడో పెరిగి ఇక్కడికి వచ్చిపడ్డ మనిషి. పేరు లేదు. కానీ తోటివాళ్లెవరో ఆమెకి పెట్టె చేయించారు, తాము పడుకునే చోటే పూడ్చుకున్నారు. నాకు ఆ మూడొందల ఏళ్ల చెట్ల కంటే ఈ సంగతే ఎక్కువ గుర్తుండిపోయింది.

1834 డిసెంబర్ 1న బ్రిటిష్ చట్టం కింద కేప్‌లో బానిసత్వం పోయింది. వెంటనే వదల్లేదు, "అప్రెంటిస్" అనే పేరు పెట్టి ఇంకో నాలుగేళ్లు అదే యజమాని దగ్గర పని చేయించి 1838లో వదిలారు. నష్టపరిహారం కూడా ఇచ్చారు. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తానికి 2 కోట్ల పౌండ్లు. ఎవరికనుకున్నారు? యజమానులకి. విడుదలైనవాళ్లకి పైసా లేదు, సెంటు భూమి లేదు. మళ్లీ అదే తోటకి కూలీగా వెళ్లడం తప్ప దారేముంది?

ఆ కూలీలో కొంత భాగం వైన్ రూపంలోనే ఇచ్చేవారు. దీన్ని డాప్ పద్ధతి అంటారు. పొద్దున ఒక డబ్బా, మధ్యాహ్నం ఒక డబ్బా, సాయంత్రం ఒక డబ్బా. అమ్ముడుపోని చవక సరుకు కూలీ కింద చెల్లిపోతుంది, తాగుడుకి అలవాటుపడ్డ మనిషి తోట విడిచి పోలేడు. ఒక దెబ్బకి రెండు పిట్టలు. 1960లలో చట్టం ఒప్పుకోకపోయినా చాలా తోటల్లో దశాబ్దాలపాటు చాటుగా నడిచింది. గర్భంలో ఉండగా తల్లి తాగిన మద్యం వల్ల పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతినే జబ్బు ఒకటుంది. ప్రపంచంలో నమోదైన అత్యధిక రేట్లలో ఈ వైన్ ప్రాంతానివీ ఉన్నాయి. టేస్టింగ్ రూములో ఆ మాట ఎవరూ ఎత్తరు. గ్లాసులో చెర్రీ వాసన, పొగాకు వాసన అని వివరంగా చెప్తారు, డాప్ వాసన మాత్రం చెప్పరు.

మరి మనకి ఇదంతా ఎందుకు తెలీదు? దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు అనగానే మన లెక్క 1860 నుంచి మొదలవుతుంది. ఆ సంవత్సరం నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది, చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలతో. వాళ్లు భాషనీ పండగల్నీ వీలైనంత నిలబెట్టుకున్నారు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వాళ్ల మనవలకి తాత ఊరేదో వెతుక్కోవడానికి ఓడ జాబితాల్లో గ్రామం, జిల్లా పేర్లున్నాయి. కేప్‌కి వెళ్లినవాళ్లకి అదేమీ లేదు. తరతరాల్లో వాళ్లు ఆఫ్రికా, జావా, మడగాస్కర్ మనుషులతో కలిసిపోయారు. తర్వాతి ప్రభుత్వాలు వాళ్ల వారసుల్ని "కలర్డ్" అన్నాయి, "కేప్ మలయ్" అన్నాయి. ఇండియన్ అనే డబ్బాలో వెయ్యలేదు, అందుకని మన లెక్కల్లోకీ రాలేదు. ఆ వారసులనే మళ్లీ 1960లలో వర్ణవివక్ష చట్టం కింద స్టెల్లెన్‌బాష్ నడిబొడ్డున ఉన్న డి ఫ్లాక్టా పేట నుంచి ఖాళీ చేయించారు. ఊరు కట్టినవాళ్లకే ఊళ్లో చోటు లేదు.

జ్ఞాపకం ఎవరికి దక్కుతుందో రాళ్లు చూస్తే తెలుస్తుంది. ఫ్రాన్ష్‌హుక్‌లో సుమారు 200 మంది హ్యూగనాట్ల కోసం పెద్ద స్మారకం ఉంది, 1948లో ఆవిష్కరించారు. దాన్ని తప్పుపట్టను, వాళ్లూ హింస తప్పించుకుని వచ్చినవాళ్లే. అరవై వేల పైచిలుకు బానిసలకి కేప్ టౌన్ చర్చ్ స్క్వేర్‌లో 11 నల్లరాతి దిమ్మెలు వచ్చేసరికి 2008 అయింది. దాని పక్కనే స్లేవ్ లాడ్జ్, 1679లో కంపెనీ బానిసల్ని కుక్కడానికి కట్టిన భవనం. 1966లో దాన్ని మ్యూజియం చేశారు, కానీ అందులో పెట్టింది ఈజిప్టు, గ్రీసు వస్తువులు! 1998లో గానీ స్లేవ్ లాడ్జ్ అనే పేరు తిరిగి రాలేదు. ఇక మన వైపు చూడండి. భీమునిపట్నంలో, మచిలీపట్నంలో, పులికాట్‌లో డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వ్యాపారుల పేర్లు, వంశచిహ్నాలు, తేదీలు రాతి మీద పొందిగ్గా చెక్కి ఉంటాయి. కొన్నవాడి పేరు మన తీరంలో రాతి మీద ఉంది. అమ్ముడైన మనిషి పేరు మన తీరంలో లేదు.

ఇదంతా రాసింది వైన్ టూరుకి వెళ్లొద్దని చెప్పడానికి కాదు. తప్పకుండా వెళ్లండి. మన కంపెనీల పుణ్యమా అని ఇప్పుడు నాపా, బోర్డో, కేప్, ఎక్కడికైనా వెళ్లగలుగుతున్నాం. కేప్ వెళ్తే మాత్రం తోటల కంటే ముందు ఒక గంట స్లేవ్ లాడ్జ్‌లో గడపండి. అందులో పేర్లు రాసిన వలయాలతో చేసిన వెలుగు స్తంభం ఒకటుంది, దాని చుట్టూ నెమ్మదిగా తిరిగి చదవండి. ఆ తర్వాత తోటకి వెళ్తే, రెండు తెల్లటి స్తంభాల మధ్య వేలాడే గంట చాలా ఎస్టేట్లలో కనిపిస్తుంది. దాని ముందు నవ్వుతూ ఫోటో దిగుతుంటారు. అది గుడిగంట కాదు, బడిగంట కాదు. బానిసల్ని పనికి లేపిన గంట.

గైడుని ఒక్క ప్రశ్న అడగండి చాలు: "ఈ తోటలో మొదట పనిచేసినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు?" అడిగేవాళ్లు పెరిగితే చెప్పేవాళ్లూ పెరుగుతారు. అది కస్టమర్ ఫీడ్‌బ్యాక్ సూత్రం, మనకి బాగా తెలిసిందే :) జవాబులో మన తీరం పేరు వినపడితే, పక్కన గ్లాసు పట్టుకున్న తెలుగు స్నేహితుడికి కూడా చెప్పండి.